సచ్చినోళ్ళు ముందు రండి

మా టిఫిన్ కొట్టు అత్త పోయిందని మావయ్య ఫోన్ చేసినప్పుడు నేనడిగిన మొదటి మాట, "కాకి ఎవర్ని తన్నింది మావయ్యా?" అని.

"కాకి కాదురా. నిజంగానే పోనాది" అన్నాడు. నేను అప్పటికీ నమ్మలేదు. "వీడియో కాల్ చెయ్యి" అన్నాను. పాపం, చేశాడు. కొట్లో రెండు బెంచీలు దగ్గరికి జరిపి వాటి మీద అత్తని పడుకోబెట్టారు. తల దగ్గర దీపం పెట్టారు. శవాల విషయంలో నాకు కొంత అనుభవం ఉంది. నేను తీసిన రెండు సినిమాల్లోనూ మనుషుల కంటే శవాలే ఎక్కువ. ఎంత బతిమాలినా మా శవాల పొట్టలు కదులుతూనే ఉండేవి. అత్త పొట్ట కదలడం లేదు. అప్పుడు నమ్మాను.

చావు కబురు చెప్తే కాకి సంగతి అడిగేవాడు ఇదేం మనిషిరా బాబూ అని మీకు అనిపించొచ్చు. అనుకోండి, పర్లేదు. కానీ ఆ ప్రశ్న నాకు నేర్పింది అత్తే.

అత్త నాకు చుట్టం కాదు. చోడవరం బస్టాండు వెనక సందులో ఆమెకో టిఫిన్ కొట్టుండేది. దానికి బోర్డు లేదు. ఒకసారి ఫ్లెక్సీ కొట్టిస్తానంటే, "బోర్డు నమిలి తింటారేటి?" అంది. పొద్దున్న పూరీ, బొంబాయి చట్నీ. ముందుగా చెప్పినవాళ్ళకి మధ్యాహ్నం అన్నం. మావయ్య చట్నీలు చూసుకునేవాడు, గ్లాసులు కడిగేవాడు, అత్త మాట్లాడుతుంటే తలూపేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "ఉంటే మీకింతమందికి వండేదాన్నా? కూకోబెట్టి ఆళ్ళ సేత వండించుకుందును" అనేది. అక్కడితో ఆ మాట ఆగిపోయేది.

అత్త మనిషి ముఖం చూసి మాట్లాడేది కాదు. ప్లేటు చూసి మాట్లాడేది. పూరీ మిగిలిందా, చట్నీ ముందే నాకేశావా అన్నదాన్ని బట్టి నీ ఒంట్లో ఎలా ఉందో, నీ ఇంట్లో ఏం గొడవో చెప్పేసేది. సగం సార్లు తప్పే చెప్పేది. తప్పంటే మాత్రం ఒప్పుకునేది కాదు. "నీకింకా తెల్దులే, రేపు తెలుస్తాది" అనేది. వేడి గరిటె చేతిలో ఉన్నా సరే, ఆలోచన వచ్చిందంటే దాన్ని తుపాకీలా భుజాన వేసుకునేది. ఆమె చీరలన్నింటికీ ఎడం భుజం దగ్గర నూనె మరకే.

ఇంకో మాట ఉండేది ఆమెకి. ఎవరైనా కష్టం చెప్పుకుందామని కొట్లోకి వచ్చి గొంతు బొంగురు చేసుకోగానే ప్లేటు ముందు పెట్టేసి, "ముందు తినీసి అప్పుడేడు" అనేది. తిన్న తర్వాత చాలామందికి ఏడుపు వచ్చేది కాదు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. నేనూ అలా చాలాసార్లు వెళ్ళిపోయాను.

నాది పెళ్ళి వీడియోల పని. అక్షింతలు, అప్పగింతలు తీసీ తీసీ విసుగెత్తి, ఒక ఎండాకాలం 'శవాల సంత' అని ఒక సినిమా తీశాను. చెరుకు తోటలోంచి చచ్చినవాళ్ళు లేచి వచ్చి బతికున్నవాళ్ళని తింటారు. కథ అంతే. చెరుకు తోట ఎందుకంటే, అందులో ఏముందో బయటికి కనపడదు. మా దగ్గర ఏమీ లేదన్న సంగతి కూడా కనపడదు. దెయ్యాల సినిమా అన్నమాటే గానీ మాకు రాత్రి కూడా లేదు, లైట్లు లేవు కాబట్టి. మిట్టమధ్యాహ్నం తీసి కంప్యూటర్లో నల్లగా చేసేవాణ్ణి. ఆన్‌లైన్‌లో పెట్టాం. జనం బాగానే చూశారు, కానీ భయపడినవాడు ఒక్కడూ లేడు. పడీ పడీ నవ్వారు. నెత్తురు చూసి, 'అన్నా, షర్బత్ నాకో గ్లాసు' అని కింద రాశారు.

జనం చూశారు కాబట్టి రెండోది తీయాలి. రెండోదంటే మొదటిదానికంటే పెద్దగా ఉండాలి. తోటలోంచి శవాలు ఇప్పుడు నగరం మీదికి వెళ్ళాలి. నగరం మొత్తం నాశనమైపోయి ఉండాలి. మాకు నగరమే లేదు, ఇంక దాన్ని నాశనం చేయడం ఎక్కడ? వెతగ్గా వెతగ్గా వడ్డాది వెళ్ళే దారిలో, రోడ్డుకి బాగా లోపలికి, ఎవరో మొదలుపెట్టి వదిలేసిన లేఅవుట్ కనపడింది. పెద్ద ఆర్చి, దాని మీద రెండు సింహాలు, లోపల పిల్లర్లు, గోడల్లేని మూడంతస్తులు, ఎక్కడికీ వెళ్ళని మెట్లు. తుప్పుపట్టిన ఊచల మధ్య మేకలు. శిథిలమైన నగరానికి కావలసినవన్నీ ఉన్నాయి. అది కూలిపోయిన నగరం కాదు, అసలు పుట్టనే లేదు. కెమెరాలో రెండూ ఒకలాగే ఉంటాయి.

ఈ సంగతులన్నీ పూరీ తింటూ అత్తకి చెప్పాను. ఆమె గరిటె భుజాన వేసుకుంది.

"నగరం సంగతలాగుంచు. నెత్తురు పల్చగుందిరా నీ దగ్గర. ఎవులికి రక్తం తక్కువయింది, నీకా?"

"రంగునీళ్ళు కదత్తా."

"నీళ్ళేటి, నీ మొహం. పాకం పట్టాల."

పట్టింది. మా ప్రాంతంలో బెల్లానికి కరువా? పెద్ద మూకుడులో బెల్లం వేసి, మిఠాయి రంగు కలిపి, చిక్కదనానికి కాస్త మైదా జల్లి, వేలి మీద వేసుకుని తీగ సాగుతోందా అని చూసి, "ఇదీ మనిషి నెత్తురంటే" అంది. అంతకుముందు ఆమె ఎప్పుడు పరీక్షించిందో నేనడగలేదు. పేగులు పూరీ పిండితో చేసింది. చుట్టలు చుట్టి, ఆవిరి మీద ఉడికించి, రంగులో ముంచింది. కెమెరాలో చూసి నేనే మొహం తిప్పుకున్నాను. ఆనందంతో అత్త కాళ్ళకి దండం పెట్టాను.

మొదటిరోజు షూటింగులో శవాల్ని వరసగా పడుకోబెట్టి పాకం పోసి, "యాక్షన్" అన్నాను. ముందు చీమలు వచ్చాయి. తర్వాత ఈగలు. ఆ తర్వాత కందిరీగలు. చచ్చినవాళ్ళు ఒక్కొక్కరే లేచి చొక్కాలు విప్పి దులుపుకుంటూ పిల్లర్ల మధ్య పరుగు లంకించుకున్నారు. ఒక్కడు మాత్రం ఓపిగ్గా పడుకున్నాడు. వాడి దగ్గరికి ఒక మేక వచ్చి, మెడ దగ్గర మొదలుపెట్టి, చెవి దాకా శ్రద్ధగా నాకింది. ఆ షాట్ సినిమాలో ఉంచేశాను. చూసినవాళ్ళలో నిజంగా భయపడ్డామని కొందరు రాసింది ఆ ఒక్క చోటే.

బెల్లం దేశంలో పుట్టి, బెల్లం వాసనకి చీమ వస్తుందని మాలో ఒక్కడికీ తట్టలేదు. అత్తకి చెప్తే, "తీపి కదా, వస్తాయి మరి. సచ్చినోడికి సీమ కుడితే ఏటి?" అంది. మర్నాటి నుంచి పాకంలో వేపనూనె కలిపింది. చీమలు మానేశాయి. శవాలు పేలమందు రాసుకున్న బడిపిల్లల్లా కంపు కొట్టడం మొదలుపెట్టాయి. ఒకడికి గోవాడ పంచదార ఫ్యాక్టరీ దగ్గర చెరుకు ట్రాక్టరు లైన్లో ఉంది. వాడి వంతు వచ్చిందని ఫోన్ వస్తే, నుదుటి మీద గొడ్డలిగాటుతో అలాగే వెళ్ళిపోయి, ట్రాక్టరెక్కి కూచున్నాడు. పక్క ట్రాక్టరువాడు వీణ్ణి చూసి ఏమీ అనలేదట, వాసనకి మాత్రం ముక్కు మూసుకున్నాడట.

భోజనాలు కూడా అత్తవే. గంజిగిన్నె, అన్నం గుండిగ ఆటోలో వేసుకుని మావయ్యతో కలిసి మధ్యాహ్నానికి ఆ నగరంలోకి దిగేది. ఆర్చి కిందనుంచే కేకేసేది. "సచ్చినోళ్ళు ముందు రండి!" చచ్చినవాళ్ళు ఎండలో పడుకుని అలిసిపోతారు కాబట్టి వాళ్ళకే మొదటి బంతి. బతికున్నవాళ్ళు, అంటే హీరో, హీరోయిన్, నేను, తర్వాత. హీరో ఒకసారి అలిగాడు. "నువ్వూ సచ్చిపో, నీకూ ముందే పెడతాను" అంది అత్త.

అలా ఉండగా ఒకరోజు పొద్దున్న నేను కొట్టుకి వెళ్ళేసరికి పొయ్యి వెలగలేదు. మావయ్య బెంచీ మీద తల తుడుచుకుంటూ కూచున్నాడు. అత్త నిలబడి ఉంది. గరిటె చేతిలో లేదు. నేనామెను గరిటె లేకుండా చూడటం అదే మొదలు.

"కాకి తన్నీసిందిరా మీ మావయ్య నెత్తి మీద" అంది.

మావయ్య గుండెకి ఆపరేషన్ చెయ్యాలని విశాఖపట్నంలో డాక్టర్లు చెప్పి, రోజు కూడా ఇచ్చారు. ఆ రోజు దగ్గర పడుతోంది. సరిగ్గా అప్పుడే, పెరట్లో గ్లాసులు కడుగుతుంటే, కాకి వచ్చి నడినెత్తి మీద తన్ని పోయింది. కాకి తల మీద తన్నితే ప్రాణగండమని మావైపు నమ్మకం. దానికి విరుగుడు ఒకటే. ఆ మనిషి చచ్చిపోయాడని చుట్టాలకి కబురు చెయ్యాలి. వాళ్ళు నిజమేననుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం తప్పి ఆయుష్షు పెరుగుతుంది. తర్వాత అసలు సంగతి చెప్పాలి. అప్పుడు వాళ్ళు తిట్టాలి. ఆ తిట్లు కూడా మంచివే.

ఇదివరకైతే ఉత్తరం ముక్క రాస్తే సరిపోయేది. అత్త నా ఎదుటే కె.కోటపాడులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, ఏడుపు గొంతుతో, "ఒసే, మీ బావ పోనాడే" అంది. చెల్లెలు, "అయ్యో! వీడియోలో సూపించవే ఒక్కసారి" అంది. అత్త కంగారులో చూపించేసింది. వెనక మావయ్య టీ తాగుతున్నాడు. చెల్లెలు ఏడవలేదు సరికదా, "ఆ గళాసు నేనిచ్చిందే కదా" అంది.

అత్త ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. ప్లేటు వైపు కాదు, నా ముఖం వైపు.

"నీ సినిమాలో మీ మావయ్యని సంపీరా బాబూ."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆపరేషన్ బల్ల ఎక్కేలోగా ఆయన చచ్చిపోయి, ఎవరో ఒకరు ఆయన కోసం ఏడవాలి. లేకపోతే ఆయన ఆ బల్ల మీదినుంచి లేవడని ఆమెకి గట్టి నమ్మకం. నాకు అలాంటి నమ్మకాలు లేవు. అయినా ఆమె కళ్ళు చూశాక, లేవని చెప్పడానికి నోరు రాలేదు. "అత్తా, మన సినిమాలు చూసి ఎవరూ ఏడవరు, నవ్వుతారు" అన్నాను, తప్పించుకుందామని.

"అది నాను సూసుకుంటాను. నువ్వు సంపు."

గుంపులో ఒక శవంగా పడుకోబెడదామనుకున్నాను. కుదర్దంది. "మొహం కనపడాల. ఎవులో అనుకుంటే ఆయుష్షు ఇంకెవులికో పోద్ది." సరే, నాశనమైన నగరంలో మిగిలిన ఆఖరి టీ కొట్టువాడు అని ఒక వేషం పుట్టించాను. చచ్చినవాళ్ళు చుట్టుముట్టి, చొక్కా చింపి, గుండె పీకి తింటారని చెప్పాను. అత్త గరిటె భుజం మీదినుంచి దించింది.

"గుండె జోలికెల్లకండి. ఆయన దగ్గర ఉన్నదే అరకొర. ఇంకేదేనా తీసుకోండి. కార్జం తీసుకోండి."

సినిమా కథలో మార్పు చేశాను. గుండెకి బదులు కార్జం. అది కూడా ఆమే చేసింది, మైదాతో, కాస్త కాఫీపొడి వేసి. మావయ్య మాత్రం ఒక్కటే అడిగాడు. "పడుకుంటే సాలు కదా? మాటలేటీ లేవు కదా?" లేవన్నాను. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

ఆ రోజు ఎండ మాడిపోతోంది. మెట్ల దగ్గర మావయ్యని పడుకోబెట్టి పాకం పోశాం. చచ్చినవాళ్ళు మీదపడ్డారు, చొక్కా చింపారు, కార్జం లాగారు, తిన్నారు. మావయ్య నిజంగా గొప్ప శవం. పొట్ట కూడా కదలనివ్వలేదు. నేను మురిసిపోతూ కెమెరాలో చూస్తున్నాను. ఇంతలో ఫ్రేము కుడివైపు నుంచి అత్త వచ్చింది. భోజనాలకి పిలవడానికి వస్తోంది. చేతిలో గరిటె ఉంది, నోరు తెరిచే ఉంది. "సచ్చినోళ్ళు ముందు..." దాకా అంది.

అక్కడ ఆగిపోయింది.

రోజూ ఇరవైమంది చచ్చినవాళ్ళకి అన్నం పెట్టిన మనిషి. వాళ్ళ పేగులు చుట్టిన మనిషి. ఆ నెత్తురు తన మూకుడులోదేనని తెలుసు, ఆ కార్జంలో కాఫీపొడి ఎంత పడిందో తెలుసు. గరిటె జారి మెట్ల మీద గణగణమని పడింది. ఆమె నేల మీద చతికిలపడి, మావయ్య తల ఒళ్ళోకి తీసుకుని ఏడ్చింది. ఊళ్ళో చావింటి దగ్గర రాగం తీసి ఏడుస్తారే, అలా కాదు. నోట మాట లేదు. దెబ్బ తగిలిన పసిపిల్ల ఊపిరి తిరక్క గుక్కపెడుతుందే, అలా. చచ్చినవాళ్ళంతా నటించడం మానేసి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకడి నోట్లో ఇంకా కార్జం ముక్క ఉంది. నాకు కెమెరా ఆపాలని తోచలేదు.

చాలాసేపటికి "కట్" అన్నాను. ఆమె ఆపలేదు.

మావయ్య కళ్ళు తెరవకుండానే, పెదాలు కదిలీ కదలకుండా, "ఒసే, కట్టన్నారే" అన్నాడు.

"నువ్వూరుకో. సచ్చినోడివి" అంది అత్త. మళ్ళీ ఏడ్చింది.

అయిపోయాక ముక్కు చీదుకుని, గరిటె తీసి చీర చెంగుతో తుడిచి, మావయ్యని లేపి, చొక్కా మీద అంటుకున్న ఇసుక దులిపింది. "నిజంగా ఏడవాల. లేపోతే పన్జెయ్యదు" అంది, నేనేదో సంజాయిషీ అడిగినట్టు. కావాలని ఏడ్చిందో, ఏడుపొచ్చాక ఆ మాట అందో నాకు తెలియదు.

నాకు ఇంకో చిక్కు వచ్చి పడింది. ఆమె ఫ్రేములోకి వచ్చేసింది. చుట్టూ అంతమంది చచ్చినవాళ్ళుండగా బతికున్న మనిషి ఒకామె వచ్చి ఏడ్చి ఊరికే వెళ్ళిపోతే ఎలా? "అత్తా, నిన్ను కూడా చంపేస్తాను. రెండు నిమిషాలు, మావయ్య పక్కనే పడుకో" అన్నాను.

"నన్ను సంపితే ఈ కూడెవుడు పెడతాడు? సల్లారిపోతన్నాది" అంది. ఆర్చి వైపు తిరిగి, ఆగిపోయిన కేక మళ్ళీ మొదటినుంచి వేసింది. చచ్చినవాళ్ళతో పాటు ఆ రోజు మావయ్యకీ మొదటి బంతే.

ఆ షాట్ తీసెయ్యలేక అలాగే ఉంచాను. అత్త తొందరపెడితే ఆపరేషన్‌కి ముందే సినిమా ఆన్‌లైన్‌లో పెట్టేశాను. అది చూసి అందరూ ఆ గరిటె మనిషి ఎవరని అడిగారు. చచ్చినవాళ్ళు ఆమె జోలికి ఎందుకు పోలేదు? ఆమే వాళ్ళ రాణి అనీ, మూడో భాగంలో ఆ రహస్యం విప్పుతారనీ కింద పెద్ద పెద్ద వ్యాసాలు రాశారు. కె.కోటపాడు చెల్లెలు సినిమా చూసి ఫోన్ చేసి, "బావ కార్జం తీయించీసేవేటే, నీకు బుద్ధుందా" అని అరగంట తిట్టింది. అత్త స్పీకర్లో పెట్టి మావయ్యకి కూడా వినిపించింది. "తిట్టీసింది. ఇంక బెంగ నేదు" అని పొయ్యి వెలిగించింది.

ఆపరేషన్ బాగా జరిగింది. విశాఖపట్నం నుంచి వచ్చాక అత్త నాకు చెప్పిన మాట ఇది. "డాక్టరు బాగా సేసేడు. మనమూ బాగానే సేసేం."

ఆ తర్వాత కొట్టుకి వెళ్ళినప్పుడల్లా ఒకటే ప్రశ్న. "మూడోది ఎప్పుడు తీస్తావు?" ఒకసారి చస్తే ఎన్నాళ్ళు వస్తుందో తెలీదు కదా, ఫోన్ రీఛార్జి లాంటిదే కదా ఇదీను అని ఆమె లెక్క. మావయ్యని మళ్ళీ ఒకసారి చంపితే తనకి నిశ్చింత. నేను కథ కుదరలేదనేవాణ్ణి, పెళ్ళిళ్ళ సీజననేవాణ్ణి. ఒకసారి, "ఈసారి నిన్ను కూడా చంపేద్దాం అత్తా, నీకూ ఆయుష్షు" అన్నాను.

"నాకేటి? నాను బాగానే ఉన్నాను. ఆయన సంగతి సూడు."

బాగానే ఉంది కూడా. ఒక మధ్యాహ్నం పూరీలు అయిపోయాక, "నీరసంగున్నాది" అని బెంచీ మీద నడుం వాల్చింది. ఎప్పుడూ అలా పడుకునే మనిషి కాదు. మావయ్య, నిద్ర చెడగొట్టడం ఎందుకని, వచ్చినవాళ్ళకి టీలు తనే పెట్టి ఇచ్చాడు. ఇద్దరు ముగ్గురు తాగి వెళ్ళారు కూడా. ఆ తర్వాత లేపాడు. ఆ తర్వాతే నాకు ఫోన్ చేశాడు. నేనేం అడిగానో మొదటే చెప్పాను.

మావయ్య ఏడవలేదు. పాడె వెంట నడుస్తూ ఏడవలేదు, కాష్ఠం దగ్గరా ఏడవలేదు. చెల్లెలు, "బావకి మనసు మొద్దుబారిపోనాది" అంది. రోజూ పొద్దున్నే లేచి కొట్టు తలుపు తీసి, గ్లాసులు కడిగి, వాడకపోయినా మళ్ళీ కడిగేవాడు. నేను వెళ్ళి కూచునేవాణ్ణి. ప్లేటు లేకుండా ఆ కొట్లో కూచోవడం నాకు అలవాటు లేదు.

పదో రోజు ఏటి గట్టు మీద కర్మ. పంతులుగారు చెయ్యాల్సినవన్నీ చేయించి, ఆకులో అన్నం, గారెలు, ఆమెకిష్టమైన వంకాయ కూర పెట్టించి, కాకి ముట్టాలని అందర్నీ దూరంగా నిలబెట్టారు. కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తి పడ్డట్టు. చెట్టు మీద కాకులున్నాయి. ఆకు వైపు చూస్తున్నాయి, దిగడం లేదు. ఎండెక్కింది. పంతులుగారు గొంతు సవరించుకుని, "ఏదో కోరిక ఉండిపోయింది. ఎవరైనా మాట ఇవ్వండి" అన్నారు.

చెల్లెలు ముందుకి వచ్చి, "అక్కా, బావని నాను సూసుకుంటాను. కోటపాడు తీసుకెల్లిపోతాను" అంది. కాకి రాలేదు. కొట్టు మూతపడనివ్వం అని ఎవరో అన్నారు. రాలేదు. మావయ్య తడిబట్టలతో అలాగే నిలబడి ఉన్నాడు. కాసేపు చూసి, పైకి తలెత్తి, అత్త ఎలా పిలిచేదో అచ్చం అలాగే, కానీ బాగా నెమ్మదిగా, "సచ్చినోళ్ళు ముందు రండి" అన్నాడు. చెల్లెలు బావురుమంది. నాకూ కళ్ళు నిండిపోయాయి. కాకి మాత్రం కదల్లేదు.

అందరూ నావైపు చూశారు. ఆమె రోజూ ఏమడిగేదో ఆ సందులో తెలియనివాళ్ళు లేరు. నేను ఆకు దగ్గరికి వెళ్ళి చేతులు జోడించాను. పంతులుగారి ఎదుట, ఇంతమంది ఎదుట, సిగ్గు విడిచి చెప్పాను.

"అత్తా, మూడోది తీస్తాను. మావయ్యని మళ్ళీ చంపుతాను. మొహం కనపడేలాగే చంపుతాను."

వెనక్కి నాలుగడుగులు వేశానో లేదో కాకి దిగింది. ముందు గారె తీసుకుంది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. పంతులుగారు, "అమ్మ తృప్తి పడింది" అని సంచి సర్దుకున్నారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుని భోజనాల సంగతి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

మావయ్య నా పక్కకి వచ్చాడు. కాకి తింటున్నంతసేపూ చూశాడు. అది ఎగిరిపోయాక, షూటింగుకి లైట్లెవరు తెస్తారని అడిగినట్టు, మామూలుగా అడిగాడు.

"సంపుతావు, సరే. ఈసారి ఏడిసీదెవుల్రా?"